సమాధుల తోట లెక్క: పలకల గనుల ఊళ్ళో పని డైరీ

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, మార్కాపురం చుట్టుపక్కల పలకల గనులున్న ఒక చిన్న ఊళ్ళో, చర్చివారి పాత సమాధుల తోటను కొలిచి, చదివి, రిజిస్టరు తయారుచేసిన పని ఇది. ఊరి పేరు రాయడం లేదు. ఆ సమాధుల వారసులు చాలామంది అక్కడే ఉన్నారు, వాళ్ళింటి పేర్లు నేను బయట పెట్టకూడదు. మిగతావన్నీ రాస్తాను: కొలతలు, ఖర్చులు, పనికిరాని పద్ధతులు. కంభం, పొదిలి, కనిగిరి, దొనకొండ వైపు ఇలాంటి తోటలు ఇంకా ఉన్నాయి. అక్కడెవరైనా మొదలుపెడితే మాకు వృథా అయిన సమయం వాళ్ళకు మిగలాలి.

స్థలం దాదాపు 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు గోడ కూలి గొర్రెల దారి అయింది. పనిలో ఉన్నది సంఘంలోని యవ్వనస్థులు, పలకల గనిలో పనిచేసి మానేసిన ఒక పెద్దాయన, ఒక తాపీ మేస్త్రి, నేను.

దశ 1: కంప కొట్టడం (జనవరి)

తోటంతా చిల్లకంప (సర్కారు తుమ్మ). జేసీబీ పెడితే ఒక్కపూటలో అయిపోతుందని సంఘ పెద్దల్లో కొందరన్నారు. వద్దన్నాం. ఈ నేలలో ఏది మామూలు రాయో, ఏది సమాధి రాయో కంప కింద తెలియదు. జేసీబీ పళ్ళకు అసలే తెలియదు.

మొదట చెట్లను జానెడు ఎత్తున కొట్టించాం. నెల తిరక్కుండా ఒక్కో మొద్దు చుట్టూ గుబురుగా పది చిగుళ్ళు లేచాయి. చిల్లచెట్టు చిగురించేది నేలకు కాస్త కింద ఉండే వేరు మెడ దగ్గర. పైన ఎంత కొట్టినా లాభం లేదు. అలాగని సమాధుల మధ్య గడ్డపార దింపలేం. అందుకని పద్ధతి మార్చాం:

1. సమాధికి రెండు మీటర్ల అవతల ఉన్న చెట్టును జానెడున్నర లోతు తవ్వి, వేరు మెడ కిందకి నరకడం.
2. సమాధిని ఆనుకున్న చెట్టును నేలమట్టంగా కోసి, చిగురొచ్చినప్పుడల్లా తుంచడం. దీనికి విడిగా మనిషిని పెట్టాల్సిందే.
3. ఇటుక సమాధుల్లో మొలిచిన రావి మొక్కల్ని పీకకుండా, మొదట్లో కోసి వదిలేయడం. పీకితే వేరుతోపాటు ఇటుకలు కూడా ఊడొస్తాయి.
4. కొట్టిన కంపను లోపల కాల్చకుండా బయటికి మోయడం.

నాలుగోది ఖరీదైన పనే, కానీ తప్పదు. ఉత్తరం గోడ పక్కన మూడు పలక రాళ్ళు పొరలు పొరలుగా విచ్చి, అంచులు నల్లబడి ఉన్నాయి. ఎప్పుడో శుభ్రం చేసినప్పుడు అక్కడే కుప్ప వేసి కాల్చారు. పలకకు మంట వేడి పడదు, పొర విచ్చుకుంటుంది. ఆ మూడింటిలో ఒకదాని మీద ఇప్పుడు "ప్రభువునందు" అన్న మాట ఒక్కటే మిగిలింది.

*ఇప్పటిదాకా లెక్క:* కనిపించిన సమాధులు 118. వాటిలో ఇటుక, సున్నంతో కట్టినవి 37. చెక్కిన పలక రాళ్ళు 58. కడప బండ, గ్రానైటు, సిమెంటువి 23. ఖర్చు 9,400 రూపాయలు.

దశ 2: కొలతలు (ఫిబ్రవరి)

ఫోన్‌లో జీపీఎస్ పెట్టి ఒక్కో సమాధి దగ్గర గుర్తు పెడదామనుకున్నాం. ఒకే రాయి దగ్గర నిలబడి పొద్దున, సాయంత్రం గుర్తు పెడితే రెండింటికీ నాలుగు మీటర్ల తేడా వచ్చింది. పక్కపక్క సమాధుల మధ్య దూరమే మీటరు లేనిచోట అది దేనికీ పనికిరాదు. తోట మొత్తానికి ఒక గుర్తు పెట్టి ఫోన్ జేబులో వేసుకున్నాం.

తర్వాత నైలాన్ తాడుతో గళ్ళు వేశాం. పది మీటర్ల చదరం కట్టి మూల నుంచి మూలకు కొలిస్తే 14.14 మీటర్లు రావాలి. ఒక వైపు 14.38 వచ్చింది, రెండో వైపు 13.9. తాడు సాగింది, మూలా తప్పింది. దాన్ని విప్పేసి 30 మీటర్ల స్టీలు టేపు కొన్నాం. మూలమట్టం చూసే బాధ్యత మేస్త్రికి అప్పగించాం. మూడు మీటర్లు ఒక వైపు, నాలుగు మీటర్లు ఇంకో వైపు, మధ్య ఏటవాలు సరిగ్గా అయిదు. ఇళ్ళ పునాదులకు ముగ్గు పోసేటప్పుడు ఆయన రోజూ చేసే పనే.

తోట 12 గళ్ళయింది. అడ్డంగా 1 నుంచి 4, నిలువుగా క, ఖ, గ. ప్రతి గడిలో దక్షిణపు గీత మీద టేపు పరిచి, సమాధి తల వైపు రాయి ఆ గీతకు ఎంత దూరమో, గడి మూలకు ఎంత దూరమో రెండు అంకెలు రాసుకోవడం, అంతే. గ-3-14 అంటే గ3 గడిలో పద్నాలుగో సమాధి.

నంబర్లు ఎలా పెట్టాలన్నదే ఎక్కువ తిప్పలు పెట్టింది. రాళ్ళ మీద రంగుతో రాయకూడదని ముందే అనుకున్నాం. వేప మేకులకు అల్యూమినియం బిళ్ళలు కొట్టి పాతితే కొన్నింటిని చెదలు తిన్నాయి, కొన్నింటిని గొర్రెలు తన్నేశాయి, బిళ్ళలు పిల్లల ఆటవస్తువులయ్యాయి. పరిష్కారం గని పెద్దాయన చెప్పారు. గని దగ్గర అరచేయంత పలక ముక్కలు ఊరికే పడి ఉంటాయి. వాటి మీద ఉలితో నంబరు గీకి, సమాధి కాళ్ళ వైపు బెత్తెడు లోతున పాతిపెట్టాం. పైకి ఏమీ కనపడదు. మ్యాపు చూసి తవ్వితే దొరుకుతుంది. పలకను చెద తినదు, తుప్పు పట్టదు, ఎవరూ ఎత్తుకుపోరు.

ఇక్కడొక జాగ్రత్త. పలకను పొడిగా గీకినా, బ్రష్షుతో పొడిగా తోమినా లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చే ఊపిరితిత్తుల జబ్బే సిలికోసిస్. మాకు ఈ ఉపాయం చెప్పిన పెద్దాయన నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకుంటారు. ముక్కను తడిపి గీకండి, రాయిని తడిపి తోమండి, మాస్కు పెట్టుకోండి.

*ఇప్పటిదాకా లెక్క:* సమాధులు 118, అన్నీ మ్యాపులోకి ఎక్కాయి. ఖర్చు 9,400 + టేపు, తాడు, మేకులు 1,850 = 11,250.

దశ 3: రాత లేని పలకలు (మార్చి)

అన్ని దశల్లోనూ నాకు ముఖ్యమైంది ఇదే. తోట దక్షిణపు సగంలో మ్యాపు దాదాపు ఖాళీగా కనిపించింది. నేల మీద చూస్తే ఖాళీ కాదు. మూరెడు ఎత్తు పలకలు అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. వాటి మీద పేరు లేదు, శిలువ లేదు. లెక్కలోకి తీసుకోవాలా అన్నది ప్రశ్న. ఇది పలకల ఊరు, ఎక్కడ తవ్వినా పలక ముక్కే వస్తుంది.

తవ్వి చూడడం జరగని పని. పైనుంచి చూసి తేల్చడానికి ఈ నియమాలు పెట్టుకున్నాం:

1. పలక నిలువుగా పాతి ఉండాలి. పడి ఉన్న ముక్క లెక్కలోకి రాదు.
2. దానికి తూర్పున, అదే వరసలో రెండో పలక ఉండాలి. ఇక్కడ తల పడమటికి, కాళ్ళు తూర్పుకి పెట్టి పాతిపెడతారు.
3. రెండు పలకల మధ్య దూరం కొలిచి రాయాలి.
4. జత దొరికితే "ఖాయం", ఒంటి పలకైతే "అనుమానం".

జతలు 121 తేలాయి, ఒంటి పలకలు 43. జతల మధ్య దూరాలన్నీ వరసగా రాసుకున్నాక ఆ కాగితాన్ని చూడడం కష్టమైంది. 121లో 47 జతల మధ్య దూరం 1.2 మీటర్ల లోపు. అవి పిల్లలవి. ఖ2 గడిలో ఒకే వరసలో, ఒకే రకం రాయితో, అలాంటివి అయిదున్నాయి. ఒకే ఇంటివో, ఒకే ఏడాదివో రాళ్ళను చూసి చెప్పలేం. రిజిస్టరులో దూరం మాత్రం రాశాం, కారణం గడి ఖాళీగా ఉంచాం.

ఈ దశ అయిపోయిందని అనుకున్నాక ఒకామె వచ్చింది. ఎనభై దాటి ఉంటుంది. మనవడి చెయ్యి పట్టుకుని గ3 గడిలోకి నేరుగా నడిచి, ఒక పలక మీద చెయ్యి వేసింది. "ఇది మా నాయనది. ఇదిగో, పైన రెండు గంట్లు ఉళ్ళా? మా అమ్మ అవి తడిమి చూపిచ్చేది నాకు" అంది. మేం ఆ రాయిని ఫొటో తీసి, కొలిచి, నంబరేసి కూడా ఉన్నాం. పై అంచున రెండు గంట్లు ఉన్నాయని ఎవరి కంటికీ ఆనలేదు. రాయి విరిగినప్పుడు పడ్డ సొట్టలనుకున్నాం. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కోటి చిటికెన వేలు పట్టేంత, లోపల ఉలి పళ్ళ గీతలు వరసగా. రాయి విరిగితే అలాంటి గీతలు పడవు.

164 పలకల దగ్గరికీ మళ్ళీ వెళ్ళాం. ఈసారి పై అంచులు మాత్రమే, వేలితో తడిమి, తడి గుడ్డతో తుడిచి. గంట్లున్నవి 38. ఒక గంటు, రెండు, మూడు, పక్క మూలన ఏటవాలు కోత, నడిమిన ఒక బెజ్జం. గని పెద్దాయన చూసి, "పలకలు లెక్కపెట్టేటప్పుడు కట్టకు ఇట్టాంటి గాట్లే పెట్టేవాళ్ళం సార్, ఎవురి కట్ట వాళ్ళకి తెలియడానికి" అన్నారు. చదువు రానివాళ్ళు తమకు తెలిసిన గుర్తుతోనే తమవాళ్ళ రాయిని గుర్తుపెట్టుకున్నారు. రిజిస్టరులో "పై అంచు" అని కొత్త గడి చేర్చి, ఒక్కో గుర్తును బొమ్మగా గీశాం. మీ ఊళ్ళో రాత లేని రాళ్ళుంటే, ఈ గడి మొదటి రోజే పెట్టుకోండి.

ఆ గంట్ల బొమ్మలు పట్టుకుని ఇళ్ళకు వెళితే ముసలివాళ్ళు పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. "ఫలానా సమాధి ఎక్కడ?" అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. బొమ్మ చూపిస్తే చెప్పారు.

*ఇప్పటిదాకా లెక్క:* సమాధులు 118 + 164 = 282. రాత లేని పలకల్లో పేరు తెలిసినవి 31. ఖర్చు 11,250 + ఉలి 240 = 11,490.

దశ 4: అక్షరాలు చదవడం (ఏప్రిల్ నుంచి జూన్ దాకా)

రాత ఉన్నవి 102: ఇటుక కట్టడాల్లో 21, పలక రాళ్ళు 58, బండలు, సిమెంటువి 23. మామూలుగా నిలబడి చదవగలిగినవి 41 మాత్రమే. మిగతావాటికి అడ్డం వయసు కాదు, సున్నం. నవంబరు 2న సమాధుల పండుగకు ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ప్రేమతో చేసే పని అది. కాని ఏటా ఒక పూత చొప్పున అక్షరం గాడి నిండిపోతుంది. ఈ మధ్య సున్నం బదులు పెయింట్లు వాడుతున్నారు.

పనికిరానివి ముందు చెబుతాను. చాక్‌పీసు పొడి రుద్దితే అక్షరం తేలుతుందని ఎక్కడో విన్నాం. సున్నం తెలుపు మీద చాక్ తెలుపు ఏం తేలుతుంది? పైగా పలక పొరల్లోకి పోయి కూర్చుంది. వైరు బ్రష్షు మేం ముట్టుకోలేదు. ఎవరో ఎప్పుడో తోమిన రాళ్ళ మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. బాత్రూం యాసిడ్ పోస్తే సున్నం క్షణంలో పోతుందని ఒకరు సలహా ఇచ్చారు. కడప బండ, పాలరాయి కూడా సున్నపు రాళ్ళే. పూతతోపాటు అక్షరాన్నీ తినేస్తుంది.

పనికొచ్చింది: గోనెపట్ట తడిపి రాయికి చుట్టి గంటసేపు వదిలేయడం, తర్వాత వెదురు పుల్లతో అక్షరం గాడి వెంట మెల్లగా తీయడం, మెత్తని బ్రష్షుతో నీళ్ళు పోసి కడగడం. రాయిని తట్టి చూడాలి. బోలు శబ్దం వస్తే పొర విచ్చి ఉందని అర్థం. అక్కడ చెయ్యి పెట్టకూడదు, పూత ఎలా ఉంటే అలా వదిలేయాలి. అలా వదిలేసినవి ఇరవై దాకా ఉన్నాయి. వాటికి వెలుతురే మందు.

వెలుతురు పెట్టే పద్ధతి:

1. చీకటి పడ్డాక వెళ్ళాలి. పగలైతే నలుగురు దుప్పటి పట్టి నీడ చేయాలి. గాలి తోలితే ఆ పని సాగదు.
2. ఫోన్‌ను స్టాండుకి బిగించి, రాయికి ఎదురుగా కదలకుండా ఉంచాలి.
3. టార్చికి ఒకటిన్నర మీటరు దారం కట్టి, దారం కొస రాయి మధ్యకు ఆనించి దూరం సరిచూసుకోవాలి.
4. వెలుతురు రాయి ముఖాన్ని దాదాపు రాసుకుంటూ పోయేలా టార్చిని ఆ దూరంలోనే బాగా పక్కకు పట్టి, ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫొటోలు తీయాలి.
5. ఇంటికొచ్చి వరసగా తిప్పి చూడాలి. పక్క నుంచి పడ్డ వెలుతురులో గాడి నీడ కదులుతుంది. సున్నం మరక కదలదు.

నాలుగు ఫొటోలతో మొదలుపెట్టాం. పై నుంచి, కింద నుంచి, రెండు పక్కల నుంచి. సున్నాలు, గుడులు తెలిసేవి, ఏటవాలు గీతలు మాయమయ్యేవి. మూలల నుంచి కూడా తీయడం మొదలుపెట్టాకే తలకట్లు కనిపించాయి.

గ1లో ఒక పలక మీద నల్ల రంగుతో 1923 అని స్పష్టంగా రాసి ఉంది. ఎడమ నుంచి వెలుతురు పడితే ఆఖరి అంకెకు ఎడమ వైపు కూడా గాడి కనిపించింది. రాతిలో ఉన్నది 1928. రంగు వేసిన చెయ్యి 8లో సగాన్నే పట్టుకుంది. ఇలాంటిచోట మేం దిద్దలేదు. రిజిస్టరులో "రంగులో", "రాతిలో" అని రెండు గళ్ళు పెట్టి రెండూ రాశాం. ఫొటోలు ఆ ఇంటి పెద్దకు చూపించాం. దిద్దాలో వద్దో వాళ్ళిష్టం.

తెలుగు అంకెలున్న రాళ్ళు కూడా ఉన్నాయి. ౨, ౩ సున్నం కింద దాదాపు ఒకటే. తోక చివర మెలిక ఉందో లేదో చూడకుండా తేల్చకండి. పాత రాళ్ళలో శకటరేఫం (ఱ), అరసున్న (ఁ), అక్షరం పక్కన వలపలగిలక (ర్ బదులు రాసే గుర్తు) ఉంటాయి. రాతిలో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, ఇప్పటి రాతలో ఇంకో గడిలో ఎక్కించాం. సగం చెరిగిన బైబిలు వచనాల విషయంలో సంఘంలోని అమ్మలే దిక్కు. మూడు అక్షరాలు చూపిస్తే మిగతా వచనం అప్పజెప్పేవాళ్ళు. ప్రకటన 14:13 అలాగే ఏడు రాళ్ళ మీద తేలింది.

తేదీ లేని రాళ్ళకు కాలం కట్టడంలో మూడు విషయాలు:

ఒక రాతి మీద ఎం. అండ్ ఎస్.ఎం. రైల్వే ఉద్యోగి అని ఉంది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908లో ఏర్పడి 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. కాబట్టి ఆ మనిషి పోయింది 1908 తర్వాతే. రాతి మీద అక్షరాల తీరు కూడా ఆ కాలానిదే. "1908-1951, అంచనా" అని రాశాం.

కొన్నింటి మీద ఊరి పేరు కింద "కర్నూలు జిల్లా" అని ఉంది. చూసిన పిల్లలు వీళ్ళు కర్నూలు నుంచి వచ్చారా అని అడిగారు. ఎక్కడి నుంచీ రాలేదు. మార్కాపురం, కంభం వైపు ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆ రాత ఉన్న రాయి 1970కి ముందుదన్న అంచనాకు అదొక ఆధారం. పాత కాగితాలు వెతికేవాళ్ళు కర్నూలు వైపు కూడా చూడాలి.

మూడోది, "అది క్లౌ దొరగారి కాలంది" అనే మాట. ఇక్కడి బాప్టిస్టు సంఘాల్లో బాగా పాతదనిపించిన ప్రతిదానికీ ఈ మాటే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చారు, ధాత కరువు (1876-78) కాలంలో బకింగ్‌హామ్ కాలువ పని పట్టి జనానికి కూలి చూపించారు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, 1910లో అమెరికాలో ఆయన చనిపోయారు. నలభై ఏళ్ళకు పైబడిన కాలాన్ని తేదీగా రాయలేం. చెప్పినవాళ్ళ మాటగా రాశాం, తేదీ గడిలో వేయలేదు.

*ఇప్పటిదాకా లెక్క:* రాత ఉన్న 102లో పూర్తిగా చదివినవి 74, సగం చదివినవి 19, చదవలేకపోయినవి 9. ఖర్చు 11,490 + టార్చి, స్టాండు, బ్రష్షులు, మాస్కులు 2,960 = 14,450.

దశ 5: సున్నం పని (మేలో చెడింది, ఆగస్టులో కుదిరింది)

37 ఇటుక సమాధుల్లో నాలుగింటి పూత ఊడి ఇటుకలు బయటపడ్డాయి. పాతపని అంతా సున్నం, ఇసుక. మధ్యలో సిమెంటుతో మెత్తిన చోట్ల సిమెంటు పెళ్ళగా లేచి, వెనక ఇటుక పిండైపోయి ఉంది. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. ఆ తేమతో పాటు ఉప్పు ఇటుకలోనే పేరుకుని తినేస్తుంది. సిమెంటు మళ్ళీ వాడకూడదని అక్కడే తేలింది.

కొలత: నానిన సున్నం ఒకటి, ఇసుక రెండు, మెత్తగా దంచిన ఇటుక పొడి ఒకటి. సున్నం నీళ్ళలో మూడు వారాలకు పైగా ఊరింది. కాల్చిన సున్నం మీద నీళ్ళు పోసేటప్పుడు కుతకుత ఉడుకుతుంది. కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు, పిల్లల్ని రానివ్వద్దు.

మే నెలలో వేసిన పూత వారానికల్లా సాలెగూడులా పగిలింది. తడితే బోలు. మూడు కారణాలు దొరికాయి. ఇటుక తడపకపోవడంతో పూతలో నీరంతా అది పీల్చేసింది. రెండు సెంటీమీటర్ల మందం ఒకేసారి వేశాం. పడమటి ఎండ నేరుగా కొట్టింది. గీకి తీసేసి ఆగస్టు దాకా ఆగాం. ఈసారి ముందురోజు సాయంత్రం, వేసే ముందు, రెండుసార్లు ఇటుక తడిపాం. ఒక సెంటీమీటరుకు మించకుండా ఒక పూత, అది గట్టిపడ్డాక రెండోది. తడి గోనెపట్టలు కప్పి, రోజూ పొద్దున, సాయంత్రం నీళ్ళు చల్లాం. మూడు సమాధులు నిలబడ్డాయి. నాలుగోదానికి పునాది వైపు రావి వేరు ఇంకా పచ్చిగా ఉంది. అది చచ్చేదాకా పూత వేయం.

*ఇప్పటిదాకా లెక్క:* ఖర్చు 14,450 + సున్నం, ఇసుక, ఇటుక పొడి, మేస్త్రి కూలి 8,700 = 23,150. బాగుచేసినవి 3, మిగిలింది 1.

దశ 6: పండుగ (అక్టోబరు, నవంబరు)

పాస్టరయ్యగారు ఆదివారం ఆరాధన అయ్యాక మాకు సమయమిచ్చారు. పెయింటు వేయకండి అని చెప్తే ఎవరూ వినరని గని పెద్దాయన ముందే అన్నారు. వేరేలా అడిగాం. రాత ఉన్న ముఖం వదిలేసి అంచులకు, పక్కలకు, గద్దెకు మాత్రం తెల్ల సున్నం కొట్టమన్నాం. సున్నం మేమే కలిపి డ్రమ్ముల్లో పెడతామన్నాం. దశ 5లో మిగిలిన సున్నమే సరిపోయింది. పెయింటు డబ్బా ఖర్చు తప్పడంతో చాలామంది దాన్నే వాడారు. రాత ఉన్న ముఖాల మీద పెయింటు పడింది 102లో 11 చోట్ల. ఆ ఇళ్ళకు విడిగా వెళ్తాం.

రాత లేని పలకలకు సున్నం కొట్టబోయినవాళ్ళను మాత్రం ఆపాం. గంట్లు నిండిపోతాయి. బదులుగా పూలు పెట్టమన్నాం. దక్షిణపు సగంలో ఎన్నడూ ఎవరూ ఆగని చోట ఈసారి కుటుంబాలు కూర్చున్నాయి. అక్కడికక్కడే ఇంకో తొమ్మిది పేర్లు వచ్చాయి. ఇద్దరు వేర్వేరు ఇళ్ళవాళ్ళు ఒకే పలక మావాళ్ళదంటే మావాళ్ళదన్నారు. రిజిస్టరులో రెండు పేర్లూ ఉన్నాయి, తీర్పు మేం చెప్పలేదు.

*ఇప్పటి లెక్క:* సమాధులు 282. చదివి, లేదా అడిగి పేరు తెలుసుకున్నవి 74 + 40 = 114. సగం చదివినవి 19. రాత లేని పలకల్లో పేరు తెలియనివి 124, అందులో గంటున్నవి 9. ఖర్చు 23,150.

తర్వాత చేయాల్సినవి: కూలిన గోడకు అడ్డంగా ముళ్ళ కంచె, రిజిస్టరు మూడు కాపీలు, ఒకటి చర్చి బీరువాలో చెద పట్టని ఇనప పెట్టెలో, గంటుండి పేరు తెలియని ఆ తొమ్మిది పలకల బొమ్మలు పెద్ద కాగితం మీద గీసి, పని కోసం గుంటూరు, హైదరాబాదు వెళ్ళిపోయిన కుటుంబాలు క్రిస్మసుకు వచ్చినప్పుడు ఇంటింటికీ తిప్పడం.